అరసున్న

ఫహాహీల్‌లో మేడ మీది అద్దె హాలు.
శుక్రవారం పొద్దున తొమ్మిదికి మాది,
పదకొండు కొట్టగానే ఈజిప్టు వాళ్ళది.
గోడకి రెండు సిలువలు, ఉన్నది ఒకటే ఏసీ.
మేం పాట ఎత్తుకున్నప్పుడే అదీ గురక ఎత్తుకుంటుంది.

నాలుగు గొంతులకి స్వరాలు రాసిపెట్టే పని నాది.
వారమంతా అహ్మదీలో పైపుల కొలతలు సరిచూస్తాను,
మిల్లీమీటరు తేడా ఉంటే సంతకం పెట్టను.
రాత్రి లాప్‌టాప్ ముందు మాత్రం
ఒక్క ముక్క దగ్గర ఓడిపోతూ కూర్చుంటాను.

'స్తోత్రం' అని కొడతానా,
తవత్తు ఊడి పక్క స్వరం కింద పడుతుంది.
క్రావడి ఎటు పోయిందో
అయిదు గీతల సందుల్లో వెతుక్కోవాలి.
మా అక్షరం ఒక్క ముద్ద, బాబూ.
మీ పనిముట్టు దాన్ని
ముళ్ళు వేరు, కండ వేరు చేసి వడ్డిస్తోంది.
ముందు అది బాగుచేయండి.
మిగతావి తర్వాత.

తర్వాతిది తబితమ్మ.
సల్వాలో ఒకరింట్లో వంట, ముగ్గురు పిల్లల స్నానాలు.
రెండు వారాలకోసారి మూడు గంటలు వదులుతారు,
అందులో సగం బస్సుకే సరి.
తాళం కన్నా ముందు గోడ గడియారం చూసుకునే మనిషి.
చదువు రాదు.
వాళ్ళమ్మ నాట్లప్పుడు పాడిందట:
'అలసిన కాళ్ళకి ఒడ్డు నీవే'.
తిరకాసంతా ఆ ఒడ్డు దగ్గరే.

'ఒ' మీద నిలబడి, కాస్త పైకి తూగి,
దిగబోతూ, ఎవరో వెనక నుంచి పిలిచినట్టు ఆగి,
ముక్కులో ఇంత గాలి దాచుకుని
అప్పుడు 'డ్డు' మీద కాలు పెడుతుంది.

ఫోనులో పట్టి యంత్రానికి వినిపించాను.
బడికి ఆలస్యమైన పిల్లని
చెవి పట్టి బెంచీ మీద కూలేసినట్టు
దగ్గరున్న స్వరం మీద కూలేసింది.
ఆగినచోట విరామం గుర్తు పెట్టింది.
అది విరామం కాదు.
ఆమెకి విరామం ఎక్కడిది?

మా తర్వాత హాలు పుచ్చుకునేవాడు మీనా.
పేరు చూసి పొరబడకండి, ఈ లావు మీసాలు.
ఊద్ వాయిస్తాడు. పేరుకే ఊద్, ఊదేది కాదు, మీటేది.
తెర మీదకి వంగి చూసి నవ్వాడు.
వాళ్ళకి కోమలానికీ శుద్ధానికీ నడిమిన ఇంకో మెట్టుంది,
దానికి గుర్తూ ఉంది,
మెడకి అడ్డగీత కొట్టిన కోమలం.
"గోల చెయ్యి, ఇస్తారు," అన్నాడు.

చేస్తున్నాను.
కొత్త బటన్లు వద్దు, రంగులు వద్దు.
తెలియనిచోట తెలియదని ఖాళీ వదిలేది కావాలి.
పాడే మనిషి ఊపిరి పొడుగైతే
ఆవర్తనం గీత తనే పక్కకి జరగాలి.
తుడిచేముందు నన్నొక మాట అడగాలి.

ఎందుకంటే,
ఆరు శుక్రవారాలైంది తబితమ్మ వచ్చి.
ఇల్లు మారిందని ఒకరు, వీసా మారిందని ఒకరు.
ఫోను మోగి మోగి ఊరుకుంటుంది.
నా దగ్గరున్నది పందొమ్మిది సెకన్లు,
అందులో ఏసీ గురక.
యంత్రం దాన్ని అడక్కుండానే శుభ్రం చేసింది,
గురకతోపాటు ముక్కులో దాచుకున్న ఆ గాలినీ ఊడ్చేసింది.

ఇవాళ కాగితం మీద అచ్చు తీసి పెన్సిల్ పట్టాను.
చిన్నప్పుడు పంతులుగారన్నమాట:
అరసున్న రాస్తాం గానీ పలకం.
తర్వాత్తర్వాత రాయడమూ మానేశాం.
ఈమెది పలికింది, రాయడానికే దిక్కులేదు.
'ఒ'కీ 'డ్డు'కీ నడుమ, గీతలకి కొంచెం పైన
సగం సున్న చుట్టాను.

ఇదేంటని అడిగారు ఆల్టో వాళ్ళు.
"అక్కడ పాడకండి," అన్నాను,
"ఆగకండి కూడా."
మొదటిసారి నవ్వులాటైంది.
రెండోసారి వెనక వరసలో ఎవరో
ముక్కుతో గాలి పీల్చిన చప్పుడు.
ఎవరని తిరిగి చూడలేదు.

పదకొండు.
మీనా తలుపు తడుతున్నాడు.